మైలేజీ తగ్గలేదు, గ్యాలన్ మారింది: గచ్చిబౌలి సిబ్బంది రవాణా బళ్ల డీజిల్ లెక్కపై ఒక కేస్ స్టడీ

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో ఆఫీసులున్న ఒక బహుళజాతి సంస్థ ఉద్యోగులను ఇళ్ల నుంచి తీసుకొచ్చి, షిఫ్టు ముగిశాక తిరిగి దింపే రవాణా కాంట్రాక్టరు కోసం ఇంధన ఖర్చుల లెక్కలు పరిశీలించే పని నాకు వచ్చింది. కిందటి ఏడాది నివేదికలో బళ్ల సగటు మైలేజీ గ్యాలనుకు 39.3 మైళ్లు ఉండగా, ఈ ఏడాది నివేదికలో అది 32.9 మైళ్లకు దిగింది. విదేశంలోని ప్రధాన కార్యాలయం వివరణ కోరింది, ఇక్కడి అడ్మిన్ విభాగం ఒప్పందంలోని పెనాల్టీ నిబంధనను గుర్తుచేస్తూ కాంట్రాక్టరుకు నోటీసు పంపింది, కాంట్రాక్టరు డ్రైవర్ల జీతాల్లోంచి ‘మైలేజీ రికవరీ’ పేరుతో కోత మొదలుపెట్టాడు. నేను మియాపూర్ వైపు ఉన్న యార్డుకు వెళ్లేనాటికి డీజిల్ దొంగతనం జరుగుతోందన్నది అందరూ ఒప్పుకున్న విషయంగా మారిపోయింది. ఎవరు చేస్తున్నారన్నదే మిగిలిన చర్చ.

సంస్థల పేర్లు ఇక్కడ అవసరం లేదు. చదివేవారు కాగితం మీద సరిచూసుకోవడానికి వీలుగా సంఖ్యలను గుండ్రం చేసి ఇస్తున్నాను.

నెలకు లెక్క ఇలా ఉంది. 20 మినీ బస్సులు కలిసి 60,000 కిలోమీటర్లు తిరిగి 12,000 లీటర్ల డీజిల్ వాడాయి. అంటే లీటరుకు 5 కిలోమీటర్లు. 30 టెంపో ట్రావెలర్లు 90,000 కిలోమీటర్లకు 9,000 లీటర్లు వాడాయి, లీటరుకు 10. 40 డీజిల్ కార్లు 1,50,000 కిలోమీటర్లకు 7,500 లీటర్లు వాడాయి, లీటరుకు 20. మొత్తం 3,00,000 కిలోమీటర్లు, 28,500 లీటర్లు. కొన్ని సీఎన్‌జీ కార్లు, విద్యుత్ కార్లు కూడా ఉన్నాయి కానీ వాటి సంగతి వేరు, తర్వాత వస్తుంది.

దొంగతనమైతే ఇలా ఉండదు

డీజిల్ పోయే యార్డుల్లో లెక్కలు ఎలా ఉంటాయో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు. కొన్ని బళ్లలోనే పోతుంది, రాత్రి షిఫ్టులో ఎక్కువ పోతుంది, పెద్ద ట్యాంకు ఉన్న బండిలో ఎక్కువ పోతుంది, చిన్న కారులో దాదాపు పోదు. ఇక్కడ మాత్రం బస్సు, ట్రావెలర్, కారు అన్న తేడా లేకుండా ప్రతి వర్గంలోనూ గ్యాలను లెక్క దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గింది. యార్డు సూపర్‌వైజరు ఈ మాటే తన పద్ధతిలో చెప్పాడు: “సార్, బండ్లు మారలే, రూట్లు మారలే, డ్రైవర్లు కూడ గాళ్లే. అన్ని బండ్లల్ల ఒక్కతీరుగ డీజిల్ ఎట్ల తగ్గుతది?”

కొత్త సంఖ్యను పాత సంఖ్యతో భాగిస్తే 32.9/39.3, అంటే సుమారు 0.84 వచ్చింది. ఇంధన లెక్కల్లో 0.83కు దగ్గరగా ఏ నిష్పత్తి కనిపించినా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఏ గ్యాలన్? అమెరికా గ్యాలన్ 3.785411784 లీటర్లు, బ్రిటన్ వాడే ఇంపీరియల్ గ్యాలన్ 4.54609 లీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.8327 వస్తుంది. అంటే ఒకే బండి, ఒకే రోడ్డు, ఒకే డీజిల్ అయినా, బ్రిటన్ లెక్కలో కనిపించిన మైలేజీ అమెరికా లెక్కలో సుమారు ఆరో వంతు తక్కువగా కనిపిస్తుంది. మైలు మాత్రం రెండు చోట్లా ఒకటే, 1.609344 కిలోమీటర్లు.

అమెరికావారిది 231 ఘనపు అంగుళాల పాత వైన్ గ్యాలన్. ఇంగ్లండులో క్వీన్ ఆన్ కాలంలో, 1707లో, చట్టబద్ధమైన కొలత అది. బ్రిటన్ 1824లో తన కొలతలను సంస్కరించి, పది పౌండ్ల నీరు పట్టే పరిమాణాన్ని కొత్త గ్యాలనుగా పెట్టుకుంది. అప్పటికే స్వతంత్ర దేశమైన అమెరికా పాతదానితోనే ఉండిపోయింది. ఇంకో చోద్యమేమిటంటే, ఈనాటి బ్రిటన్‌లో బంకులు పెట్రోలును లీటర్లలోనే అమ్ముతాయి, జనం మాత్రం బండి మైలేజీని గ్యాలనుకు ఇన్ని మైళ్లనే చెప్పుకుంటారు. మన దేశం 1956 నాటి చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారి ఆ బాధ తప్పించుకుంది; విదేశీ నివేదికలు నింపేవారికి మాత్రం అది తప్పలేదు.

విచారిస్తే జరిగింది తేలింది. కిందటి ఏడాది వరకు నివేదిక పట్టిక లండన్ కార్యాలయం నుంచి వచ్చేది. ఈ ఏడాది అదే పట్టిక అమెరికాలో తయారైన కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. గడి పేరు మారలేదు, ‘ఎంపీజీ’ (మైల్స్ పర్ గ్యాలన్, అంటే గ్యాలనుకు మైళ్లు) అన్న మూడక్షరాలు అలాగే ఉన్నాయి. వెనక ఉన్న గుణకం మారింది. ఇక్కడి నుంచి వెళ్లిన సంఖ్య కిందటి ఏడాది లీటరుకు 13.9 కిలోమీటర్లు, ఈ ఏడాది 14.0. మొదటిది ఇంపీరియల్ గ్యాలన్‌లో 39.26 మైళ్లు, రెండోది అమెరికా గ్యాలన్‌లో 32.93 మైళ్లు. పంపిన సంఖ్య నిజానికి కాస్త పెరిగింది, చూపిన సంఖ్య ఆరో వంతుకు దగ్గరగా తగ్గింది.

మార్పిడికి గుర్తుంచుకోవలసిన గుణకాలు రెండే. లీటరుకు కిలోమీటర్లను 2.352తో గుణిస్తే అమెరికా గ్యాలనుకు మైళ్లు, 2.825తో గుణిస్తే ఇంపీరియల్ గ్యాలనుకు మైళ్లు వస్తాయి. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అన్న యూరప్ పద్ధతికి వెళ్లాలంటే 235.2ను గానీ 282.5ను గానీ మైళ్ల సంఖ్యతో భాగించాలి. అవే అంకెలు, దశాంశ బిందువు మాత్రం రెండు స్థానాలు జరిగింది. ఒకచోట గుణించడం, మరోచోట భాగించడం ఎందుకంటే మొదటి రెండు కొలతలూ దూరాన్ని ఇంధనంతో భాగిస్తాయి, మూడోది ఇంధనాన్ని దూరంతో భాగిస్తుంది. ఈ తలకిందులు వ్యవహారమే కేసులోని రెండో సమస్యకు, నా లెక్కన అసలు సమస్యకు, మూలం.

పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది

గ్యాలన్ సంగతి తేలాక అడ్మిన్ విభాగం ఫైలు మూసేయడానికి సిద్ధపడింది. నేను ఒప్పుకోలేదు. లీటరుకు 14 కిలోమీటర్లన్నది నిజమైతే 28,500 లీటర్లతో బళ్లు 3,99,000 కిలోమీటర్లు తిరిగి ఉండాలి. తిరిగింది 3,00,000. సగటును లీటర్లతో గుణిస్తే కిలోమీటర్లు రాకపోతే అది సగటే కాదు. ఈ పరీక్షకు క్యాలిక్యులేటరు మీద పట్టే సమయం కొన్ని క్షణాలే అయినా, రెండేళ్లుగా ఆ షీటు మీద సంతకం చేసినవారెవరూ అది చేసి చూడలేదు.

కాంట్రాక్టరు గుమస్తా చేసింది పైకి చాలా సబబుగా కనిపిస్తుంది. ఎక్కువ తిరిగిన బళ్లకు ఎక్కువ బరువు ఇవ్వాలని, ప్రతి వర్గం మైలేజీని అది తిరిగిన కిలోమీటర్లతో గుణించి, మొత్తం కిలోమీటర్లతో భాగించాడు. 60 వేలను 5తో, 90 వేలను 10తో, లక్షా 50 వేలను 20తో గుణించి కూడి, 3 లక్షలతో భాగిస్తే సరిగ్గా 14 వస్తుంది. దూరం బరువుగా పెట్టి సగటు తీయవలసింది వంద కిలోమీటర్లకు లీటర్లను. బస్సులకు 20, ట్రావెలర్లకు 10, కార్లకు 5 లీటర్లు. వాటి సగటు 9.5 లీటర్లు. దాన్ని తిరగేస్తే లీటరుకు 10.53 కిలోమీటర్లు. 3,00,000ను 28,500తో భాగించినా వచ్చేది అదే.

పుస్తకభాషలో చెబితే, దూరాన్ని బట్టి లీటరుకు కిలోమీటర్ల సగటు తీయాలంటే అంకమధ్యమం, అంటే మామూలు సగటు, పనికిరాదు; హరాత్మక మధ్యమం, అంటే సంఖ్యలను తిరగేసి సగటు తీసి మళ్లీ తిరగేసేది, కావాలి. ఈ సలహా ఇంటర్నెట్‌లో చాలాచోట్ల దొరుకుతుంది కానీ, దాన్ని సగం విని 5, 10, 20లకు నేరుగా హరాత్మక మధ్యమం తీసినవారికి 8.57 వస్తుంది, అదీ తప్పే. మూడు వర్గాలూ సమాన దూరం తిరిగినప్పుడే ఆ సంఖ్య నిజమవుతుంది. ఆ మధ్యమాల పేర్లు మరిచిపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. కిలోమీటర్లన్నీ ఒకచోట కూడి, లీటర్లన్నీ మరోచోట కూడి, భాగహారం చివర ఒక్కసారే చేస్తే సరిపోతుంది. యూనిట్ మార్పిడి కూడా ఆ భాగహారం తర్వాతే.

ఇదే పొరపాటు చిన్న కొలతలో ఒక మినీ బస్సు లాగ్‌బుక్ పేజీలో కనిపించింది. ఫుల్ ట్యాంక్‌తో బయలుదేరిన బస్సు 310 కిలోమీటర్లు తిరిగాక డ్రైవరు బంకులో 40 లీటర్లు కొట్టించాడు; చేతిలో ఉన్న డబ్బుకు వచ్చినంత, ఫుల్ కాదు. మర్నాడు ఇంకో డ్రైవరు చేతిలో మరో 210 కిలోమీటర్ల తర్వాత 64 లీటర్లతో ట్యాంకు నిండింది, అతను పక్కన నీలం పెన్నుతో ‘ఫు’ అని రాసుకున్నాడు. గుమస్తా ఆ ‘ఫు’ను పట్టించుకోకుండా ప్రతి వరుసకూ మైలేజీ కట్టాడు. మొదటి వరుసకు 7.75, రెండో వరుసకు 3.28 వచ్చాయి. ఆ 3.28ని చూసి ఆ రోజు నడిపిన డ్రైవరుకు కోత పడింది, ముందు రోజు 7.75 ‘సాధించిన’ డ్రైవరుకు మెప్పు దక్కింది. రెండింటి సగటు 5.52. ఫుల్ నుంచి ఫుల్ వరకు లెక్కిస్తే 520 కిలోమీటర్లకు 104 లీటర్లు, సరిగ్గా 5. ఏ డ్రైవరూ ఏమీ సాధించలేదు, ఏమీ పోగొట్టలేదు. నాజిల్ దానంతట అది కట్ అయ్యాక కూడా కొందరు అంచుదాకా నింపిస్తారు కాబట్టి ఫుల్ నుంచి ఫుల్ పద్ధతిలోనూ లీటరో అరో తేడా ఉంటుంది, కానీ నెల మొత్తం మీద అది కలిసిపోతుంది.

వేసవిలో డీజిల్ వ్యాకోచిస్తుంది కదా, ఆ తేడా సంగతేమిటని కాంట్రాక్టరు అడిగాడు. డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.08 శాతం వ్యాకోచం లెక్కన, ఇరవై డిగ్రీల తేడాకు కూడా రెండు శాతం కాదు. పైగా బంకు ట్యాంకులు భూమిలో ఉంటాయి. ఆరో వంతును వివరించడానికి అది చాలదు.

కర్బన ఉద్గారాల లెక్కకు వచ్చేసరికి ఈ 14 మరింత ఇబ్బందిగా మారింది. సంస్థ తన ఉద్గారాల నివేదికలో సగటు మైలేజీ నుంచి లీటర్లను వెనక్కి లెక్కగట్టేది: 3,00,000ను 14తో భాగిస్తే 21,429 లీటర్లు. లీటరు డీజిల్‌కు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున అది 57.4 టన్నులు. బిల్లుల్లో ఉన్న 28,500 లీటర్లకు నిజంగా వెలువడేది 76.4 టన్నులు. నెలకు 19 టన్నులు లెక్కలోకి రాలేదు. గ్యాలన్ వ్యవహారంలో ప్రధాన కార్యాలయం కాంట్రాక్టరును నిలదీసింది, ఈ విషయంలో మాత్రం ఇక్కడి అడ్మిన్ విభాగమే పైకి రాసుకోవలసి వచ్చింది.

ఏ బళ్లు మార్చాలి

నోటీసు నేపథ్యంలో కాంట్రాక్టరు ఒక వర్గం బళ్లను మార్చడానికి సిద్ధపడ్డాడు. కార్లను మారిస్తే మైలేజీ 20 నుంచి 25కు, బస్సులను మారిస్తే 5 నుంచి 6కు పెరుగుతుందని డీలర్ల మాట. ఐదు పెరగడం ఎక్కడ, ఒకటి పెరగడం ఎక్కడ అని కార్లవైపే మొగ్గు చూపాడు. లీటర్లలో చూస్తే కార్లు నెలకు 7,500 నుంచి 6,000కు దిగి 1,500 లీటర్లు ఆదా చేస్తాయి, బస్సులు 12,000 నుంచి 10,000కు దిగి 2,000 లీటర్లు ఆదా చేస్తాయి. కార్లు బస్సులకు రెండున్నర రెట్లు తిరుగుతున్నా సరే. లెక్కకు లీటరు 95 రూపాయలనుకుంటే కార్లతో నెలకు 1,42,500 రూపాయలు, బస్సులతో 1,90,000 రూపాయలు మిగులుతాయి.

లీటరుకు ఒక్క కిలోమీటరు పెరగడం వల్ల వంద కిలోమీటర్లకు మిగిలేదెంతో చూస్తే సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 5 నుంచి 6కు పెరిగితే 3.33 లీటర్లు, 10 నుంచి 11కు పెరిగితే 0.91, 20 నుంచి 21కి పెరిగితే 0.24 లీటరు. లీటరుకు కిలోమీటర్ల పద్ధతిలో ఈ మూడూ సమానంగా కనిపిస్తాయి. ఈ భ్రమను డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో ‘సైన్స్’ పత్రికలో చూపించారు. అమెరికా పర్యావరణ సంస్థ 2013 మోడళ్ల నుంచి కొత్త కార్ల అద్దంమీద అతికించే లేబుల్‌లో మైళ్ల సంఖ్యతో పాటు వంద మైళ్లకు ఎన్ని గ్యాలన్లో కూడా వేయిస్తోంది. మన దగ్గర కూడా కార్ల కంపెనీలు పాటించవలసిన ఇంధన ప్రమాణాలు పెట్రోలుకు సమానమైన లీటర్లలో, వంద కిలోమీటర్లకే నిర్దేశితమై ఉన్నాయి. షోరూంలో మాత్రం ఎవరూ ఆ భాష మాట్లాడరు. ఆర్టీసీ డిపోల నుంచి మన ఇళ్లదాకా కేఎంపీఎల్, అంటే లీటరుకు కిలోమీటర్ల, అలవాటే ఉంది. అలవాటును తప్పుపట్టను, కానీ డబ్బు పెట్టే నిర్ణయం దగ్గరకు వచ్చేసరికి లెక్కను తిరగేసుకోవాలి.

బస్సుల విషయంలో కొనుగోలుకు ముందు చూడవలసింది ఇంకొకటి కనిపించింది. షిఫ్టు వదిలే వేళకు ముందే బస్సులు గేటు దగ్గరికి చేరి, ఏసీ నడిపిస్తూ నిలబడుతున్నాయి. నిలబడ్డ బండికి మైలేజీ లీటరుకు సున్నా. వంద కిలోమీటర్లకు లీటర్లంటే అసలు లెక్కకే అందదు. జేసీబీలకూ, జనరేటర్లకూ వాడే గంటకు లీటర్ల కొలతే దానికి తగినది. ట్యాంకు నింపి, కొన్ని గంటలు నిలబెట్టి, మళ్లీ నింపి చూస్తే గంటకు సుమారు లీటరున్నర పోతోంది. ఇరవై బస్సులు రోజుకు రెండు గంటలు, నెలకు ఇరవై ఐదు రోజులు అలా నిలబడితే 1,500 లీటర్లు. ఆ లీటర్లు పక్కన పెడితే బస్సు నడిచినప్పుడు ఇచ్చేది 5 కాదు, 5.71. నిలబడే సమయాన్ని సగానికి తగ్గిస్తే కొత్త బస్సు కొనకుండానే 750 లీటర్లు, అంటే 71,250 రూపాయలు మిగులుతాయి, మైలేజీ 5.33 అవుతుంది. డ్రైవర్లను అడిగితే, ఏసీ ఆపితే ఉద్యోగులు ఫిర్యాదు చేస్తారన్నారు. అది నిజమే కాబట్టి ఆ నిబంధనను డ్రైవర్ల మీద కాక సంస్థ షెడ్యూలు మీద పెట్టమని రాశాను.

సీఎన్‌జీ, విద్యుత్ కార్లు

సీఎన్‌జీని హైదరాబాద్‌లో కిలోల లెక్కన అమ్ముతారు. గుమస్తా ఆ కిలోలను లీటర్ల గడిలోనే వేశాడు, దాంతో సీఎన్‌జీ కార్లు అద్భుతంగా కనిపించాయి. శక్తిని బట్టి చూస్తే ఒక కిలో సీఎన్‌జీ దాదాపు ఒకటిన్నర లీటర్ల పెట్రోలుకు సమానం. అమెరికాలో ఒక గ్యాలన్ పెట్రోలుకు 2.567 కిలోల సహజవాయువును సమానంగా తీసుకుంటారు, దాన్నుంచి లెక్కించినా కిలోకు 1.475 లీటర్లు వస్తుంది. కిలోకు 27 కిలోమీటర్లిచ్చే కారు, శక్తి లెక్కలో లీటరు పెట్రోలుకు 18 కిలోమీటర్లిచ్చే కారులాంటిది. ఖర్చు లెక్కకు ఈ సమానత్వం అక్కర్లేదు, కిలోమీటరుకు రూపాయలు చాలు.

విద్యుత్ కార్లకు అమెరికా పద్ధతిలో ఒక గ్యాలన్ పెట్రోలు 33.7 యూనిట్ల కరెంటుకు సమానం, అంటే లీటరుకు 8.9 యూనిట్లు. యూనిట్‌కు 6 కిలోమీటర్లిచ్చే కారుకు ఈ లెక్కన లీటరుకు 53 కిలోమీటర్లకు పైగా వస్తుంది. విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాల్చినప్పుడు పోయే వేడి ఇందులో లేదు. అందుకని ఈ 53ను డీజిల్ బళ్ల సగటులో కలపకుండా, యూనిట్‌కు కిలోమీటర్లుగా వేరే వరుసలోనే ఉంచాం.

కొత్త కార్ల కోసం సంస్థవారు తెచ్చిన బ్రోషర్లలో యూరప్ మోడళ్లవి వంద కిలోమీటర్లకు లీటర్లలో, ఇక్కడివి లీటరుకు కిలోమీటర్లలో ఉన్నాయి. వాటిని ఒకే యూనిట్‌లోకి మార్చి పక్కపక్కన పెట్టారు. యూనిట్ మారింది కానీ పరీక్ష మారలేదు; యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ అనే పరీక్ష పద్ధతిలో, ఇక్కడ సవరించిన భారతీయ డ్రైవింగ్ సైకిల్‌లో కొలిచిన సంఖ్యలవి. ఆ పట్టికను పక్కన పెట్టించాను.

ఏం మారింది

కొత్త ఒప్పందంలో ‘మైలేజీ’ అన్న నిబంధన తీసేసి, నెలకు ఓడోమీటరు కిలోమీటర్లు, బిల్లు లీటర్లు, నిలబడ్డ గంటలు అన్న మూడు సంఖ్యలు పెట్టారు. కిలోమీటర్లు ఓడోమీటరువే కావాలని పట్టుబట్టాను, ఎందుకంటే బిల్లింగ్ కిలోమీటర్లలో యార్డు నుంచి మొదటి పికప్ వరకు ఖాళీగా తిరిగిన దూరం ఉండదు, దానికి కాలిన డీజిల్ మాత్రం లీటర్లలో ఉంటుంది. ప్రధాన కార్యాలయానికి పంపే పట్టికలోనూ లీటర్లు, కిలోమీటర్లు విడివిడిగానే వెళ్తాయి. ఏ గ్యాలన్‌లోకి మార్చుకోవాలో అక్కడివారే మార్చుకుంటారు, గడి పేరులో ‘అమెరికా’ అన్న మాట చేరింది. పాత లెక్కను ఇదే పద్ధతిలో తిరగరాస్తే కిందటి ఏడాది వంద కిలోమీటర్లకు 9.6 లీటర్లు, ఈ ఏడాది 9.5.

డ్రైవర్ల నుంచి కోసిన డబ్బు తర్వాతి జీతంతో తిరిగి ఇచ్చారు. మధ్యలో పని మానేసి వెళ్లిన ఇద్దరి బాకీ మాత్రం నేను నివేదిక ఇచ్చేనాటికి కాంట్రాక్టరు పుస్తకాల్లో ఇంకా పెండింగులోనే ఉంది.